‘అక్కడ చూడటానికి ఏముంది?’: నెల్లూరు, ఒంగోలు దారుల్లో మూడు రోజులు

నెల్లూరు బస్టాండు బయట కారు మాట్లాడుకుంటున్నప్పుడు డ్రైవరు మొదట అడిగిన మాట ఇది. పల్లిపాడు, దూబగుంట, ఉదయగిరి, ఆపైన ఒంగోలు అని నేను చదువుతుంటే ఆయన మా పిన్ని వైపు జాలిగా చూశాడు. “అక్కడ చూడటానికి ఏముందమ్మా? మైపాడు బీచికి పోదాం, పెంచలకోనకు పోదాం.” రెండూ మంచి చోట్లే, కాదనను. కానీ మేము బయల్దేరింది పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం దక్కడమే గగనమైన మనుషుల ఊళ్లు చూడటానికి. బేరం కుదిరింది: రోజుకు 2,500, డీజిలు మనది, బత్తా 400. మూడు రోజులూ ఆ మాట మీదే నిలబడ్డాడు. ఈ యాత్రలో నేను పెట్టిన ఖర్చుల్లో ఏమాత్రం బాధపడనిది అదొక్కటే.

బసకు మాత్రం మొదటి రాత్రే దెబ్బ తిన్నాం. ట్రంకు రోడ్డు మీదకు కిటికీ ఉన్న గది తీసుకోవడం నా పొరపాటు. లారీ హారన్లు తెల్లవార్లూ జోల పాడాయి. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకేనని రాత్రి చెప్పిన కుర్రాడు పొద్దున్న ఏడింటికి నిద్ర లేచాడు. నెల్లూరులో దిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను, వంద రూపాయలు ఎక్కువైనా లోపలి వీధిలో గది అడగండి. ఆ కోపమంతా కారం దోశ దగ్గర చల్లారింది. ఎర్ర కారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, సన్నటి సెగ మీద కరకరలాడేదాకా కాల్చిన దోశను పిన్ని రెండోది కూడా తెప్పించుకుంది. “మా హాస్టల్లో ఇవన్నీ ఎక్కడివే?” అంది.

పిన్ని చిన్నప్పుడు నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయంలో చదివింది. స్థాపకురాలి ఫొటోకు దండ వేయడం, ఆవిడ పేరు పొణకా కనకమ్మ అని తెలియడం, అంతే. యాత్ర ఆవిడతోనే మొదలుపెడదామని పల్లిపాడు వెళ్లాం. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట వైపు, పెన్న ఒడ్డున ఉంటుంది. దారి బాగుంది. ఆశ్రమం దగ్గర హడావుడి లేదు, టిక్కెట్టు లేదు, సెల్ఫీల గుంపు లేదు. చెట్లు, వసారా, గోడల మీద ఫొటోలు, అవతల ఇసుకలో సన్నటి నీటి పాయ.

పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దీన్ని నిలబెట్టినవాళ్లు. స్థలం కనకమ్మది. అసలు కథ ఈ స్థలం దగ్గరే ఉంది. ఈ పదమూడు ఎకరాలు ఆవిడ కొన్నది ఆశ్రమం కోసం కాదు, తుపాకులు పట్టే విప్లవకారుల రహస్య శిక్షణ కోసమని చెబుతారు. 1892లో పుట్టిన పిల్ల, బాల్యంలోనే పెళ్లై పొట్లపూడి కోడలైంది. బడికి వెళ్లి చదివిన చదువు లేదు. ఇంట్లోనే పుస్తకాలు పట్టుకుని నేర్చుకుంది. మొదట తీవ్రవాదుల వైపు మొగ్గింది, తర్వాత గాంధీ మాట విని, గురి చూడటం నేర్పాల్సిన చోట రాట్నం పెట్టనిచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది. 1923లో బాలికల బడి పెట్టింది. ఇదంతా నేను చెబుతుంటే పిన్ని వసారా స్తంభానికి ఆనుకుని, “అంటే మా బడి పెట్టినావిడ బడికే పోలేదా!” అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండో మనిషి మరీ విచిత్రం. ఇక్కడి ప్రధాన భవనం కట్టడానికి పదివేల రూపాయలు ఇచ్చింది నెల్లూరు జమీందారు కాడు, మద్రాసు షావుకారు కాడు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో వ్యాపారం చేసుకునే పార్శీ రుస్తుంజీ. 1897 జనవరిలో గాంధీ ఓడ దిగి డర్బన్ వీధుల్లోకి రాగానే తెల్లవాళ్ల గుంపు రాళ్లతో, గుడ్లతో మీద పడింది. పోలీసు అధికారి అలెగ్జాండర్ భార్య తన గొడుగు అడ్డం పెట్టి కాపాడింది. గాంధీ తలదాచుకున్నది రుస్తుంజీ ఇంట్లో. రాత్రి ఆ ఇంటినీ గుంపు చుట్టుముట్టింది. అలెగ్జాండర్ గుమ్మం ముందు నిలబడి, గాంధీని ఉరి తీద్దామనే పాటను జనం చేత పాడిస్తూ వాళ్లను ఆపి ఉంచాడు. ఈలోగా గాంధీ కానిస్టేబుల్ వేషంలో వెనక నుంచి జారుకున్నారు. ఇల్లు తగలబడినా సరేనని తలుపు తీసిన ఆ మనిషే పాతికేళ్ల తర్వాత పెన్న ఒడ్డున ఇంకో ఇంటికి డబ్బు పంపాడు. ఆ కట్టడం గోడకు చేయి ఆనించి చూశాను, చల్లగా ఉంది. మా డ్రైవరు పుట్టి పెరిగిందీ ఈ జిల్లాలోనే. ఈ కథ అప్పుడే విన్నాడట. మైపాడు ప్రస్తావన మళ్లీ తేలేదు.

పల్లిపాడుకు గంటన్నర చాలు, కానీ సగం రోజు కేటాయించండి. తినడానికి దగ్గర్లో ఏమీ కనిపించలేదు, నీళ్లు వెంట తీసుకెళ్లండి. మధ్యాహ్నానికి నెల్లూరు వచ్చి చేపల పులుసు తిన్నాం. మామిడికాయ ముక్క కాలం కాకపోయినా వేశారు. ముక్క పుల్లగా ఉంది, చేప మాత్రం నిన్నటిది.

రెండో రోజు తెల్లవారుజామునే బయల్దేరి సంగం మీదుగా కలిగిరి వైపు వెళ్లాం. దూబగుంటలో ‘చూడటానికి’ నిజంగానే ఏమీ లేదు. అన్ని ఊళ్లలాంటి ఊరు: గేదెలు, రచ్చబండ, టీ కొట్టు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి లాంతరు కింద పలక పట్టారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది, సారాకు బలైన కుటుంబం కథ. దాన్ని కూడబలుక్కుని చదివిన ఈ ఊరి ఆడవాళ్లు పుస్తకం మూసి, నేరుగా సారా కొట్టు మూయించడానికి వెళ్లారు. ముందు నిలిచింది వర్ధినేని రోశమ్మ. ఆ తర్వాత జరిగింది నాకు అన్నిటికంటే ఇష్టం. దూబగుంట వాళ్లు చేసిన పనే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే కొత్త పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది, పక్క ఊళ్ల రాత్రి బళ్లకు వెళ్లింది. చదివినవాళ్లు మళ్లీ కొట్లు మూయించారు. పుస్తకం చదివి మారిన ఊళ్ల గురించి వినే ఉంటాం. పుస్తకాన్నే మార్చిన ఊరు ఇది.

1992లో జిల్లాలో సారా వేలం పాటలు జరగకుండా అడ్డుకునేదాకా వెళ్లింది వ్యవహారం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఈ తేదీలు అందరికీ గుర్తుంటాయి. 2016లో రోశమ్మ పోయిన వార్త ఎంతమందికి గుర్తుందో!

టీ కొట్టు దగ్గర ఒక పెద్దావిడ పిన్నిని పలకరించింది. రోశమ్మ పేరు ఎత్తగానే, “ఒక్క రోశమ్మేనా, మేమంతా పోలేదా?” అని నిష్ఠూరమాడింది. చీపురు ఎలా పట్టుకున్నారో, కారం పొడి కొంగున ఎలా ముడివేసుకున్నారో తన కొంగు తీసి ముడి వేసి చూపించింది. ముడి వేసే తీరులో ఒక నేర్పు ఉంది. ఒక్క లాగుతో విడిపోవాలి. పిన్ని రెండుసార్లు ప్రయత్నించి విఫలమైంది. టీ అయిదు రూపాయలు, చక్కెర ఎక్కువ. మా మూడు టీలకూ ఆవిడ డబ్బులివ్వనివ్వలేదు.

అక్కడి నుంచి వింజమూరు మీదుగా ఉదయగిరి. కోట గురించి కొంచెం మొహమాటం లేకుండా చెప్పాలి. కొండ ఎక్కడం ఆషామాషీ కాదు. పొద్దున్నే మొదలుపెట్టాలి, ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లాలి, నీళ్లు మోసుకెళ్లాలి. మేము చేరేసరికి పదకొండు. నేను సగం ఎక్కి ఒక కూలిన గోడ నీడలో కూలబడ్డాను. ఆ గోడల్ని కృష్ణదేవరాయల సైన్యం దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకుంది. పట్టుబడిన వాడు ఒడిశా రాజు గజపతి బంధువు తిరుమల రౌతరాయడు. అతనితో పాటు ఇంకో ‘బందీ’ కూడా విజయనగరం వెళ్లాడు, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహం. దానికోసమే రాయలు హంపిలో కృష్ణాలయం కట్టించాడు. హంపికి వెళ్లినవాళ్లంతా ఆ గుడి ముందు ఫొటో దిగుతారు, లోపల దేవుడు లేడు. ఉదయగిరి బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు. ఊరు వదిలి అయిదు వందల ఏళ్లు దాటింది, ఇంకా ఇల్లు చేరలేదు.

పిన్ని కొండ ఎక్కనని కిందే ఉండిపోయింది, లాభపడింది. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుంది. నర్ది, కలివి, బిక్కి లాంటి అడవి కర్ర తెచ్చి చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, పిడి మీద సన్నని నగిషీ వేస్తారు. దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను దిగేసరికి పిన్ని చేతిలో ఉప్పు చెంచా ఉంది, చిటికెడు ఉప్పు పట్టేంత గుంట, పిడి చివర చేప తోక. బేరమాడితే సిగ్గుపడాల్సినంత తక్కువ ధర. నా ఓటు కోటకు కాదు, ఈ అరుగుకు. ఊళ్లో ఒక చిన్న మెస్సులో భోజనం చేశాం. గోంగూర పప్పు, గడ్డ పెరుగు, అడిగితే మళ్లీ వడ్డన. మూడు రోజుల్లో అదే మంచి భోజనం. రాత్రి బసకు మాత్రం ఉదయగిరిని నమ్ముకోకుండా కావలి మీదుగా హైవే ఎక్కి ఒంగోలు చేరాం.

ఒంగోలు గది నెల్లూరు గదికంటే రెండు వందలు తక్కువ, రెండింతలు శుభ్రం. పొద్దున్న ఇడ్లీ తిన్న చోట పిన్ని, “ఈ ఊరి పూటకూళ్లకు పేరుందే” అంది. నిజమే. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ భర్త పోయాక ఇక్కడ పూటకూళ్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆ పిల్లవాడిని చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లి చదివించిన మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. జిల్లాకు శిష్యుడి పేరు పెట్టుకున్నాం.

నేను ఒంగోలులో వెతికింది వెన్నెలకంటి సుబ్బారావును. ముగ్గురిని అడిగితే ముగ్గురూ, “సినిమా పాటలు రాశాయన కదా?” అన్నారు. ఈయన 1784లో ఒంగోలులో పుట్టి 1839లో పోయాడు. మద్రాసు సదర్ అదాలతు కోర్టులో 1815 నుంచి 1829 దాకా అనువాదకుడు, దుబాసీ. తన జీవిత కథ తానే ఇంగ్లీషులో రాసుకున్నాడు. 1873లో కొడుకు గోపాలరావు దాన్ని అచ్చు వేయించాడు. మన దేశంలో ఇంగ్లీషులో వచ్చిన తొలి ఆత్మకథల్లో అదొకటి. మెకాలే మన చదువుల మీద తీర్పు చెప్పడానికి పదిహేనేళ్ల ముందే, 1820లో, పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని మద్రాసు స్కూలు పుస్తకాల సంఘానికి రాసిన మనిషి. ఒంగోలు వీధుల్లో ఆయన ఆనవాలు నాకేదీ దొరకలేదు. ఆయన కోసమే ఇంత దూరం రానక్కరలేదు, పుస్తకం ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

మధ్యాహ్నం కొత్తపట్నం రోడ్డు మీద బకింగ్‌హాం కాలువ దగ్గర ఆగాం. ఇప్పుడది తూడు, పాచి పట్టిన నీళ్లు. 1876–78 ధాత కరువులో ఈ కాలువ పనే జనానికి గంజి పోసింది. ఒంగోలు మిషనరీ క్లౌ కుర్రతనంలో సర్వేయరు పని చేసినవాడు. మూడున్నర మైళ్ల కాలువ తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు. తిండికోసం మతం మారారనే మాట పడకూడదని కరువున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం పొందారు. క్లౌ పేరు పుస్తకాల్లో ఉంది. ఆయనకు ముందే పల్లెల్లో దారి వేసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య, కనిగిరి వైపు మాదిగ, తోళ్ల వ్యాపారి. రాజయోగం అభ్యసించి, గురువుల చుట్టూ తిరిగి, చివరకు 1866లో క్రైస్తవంలోకి వచ్చాడు. తోళ్ల బేరానికి తిరిగిన దారులే ఆయనకు బోధకు తిరిగే దారులయ్యాయి.

చివరి మజిలీ కరవది, ఇది మనిషి కథ కాదు. 1960ల మొదట్లో ఈ ఊరి నుంచి బ్రెజిల్ వెళ్లిన గిత్తకు అక్కడ ఊరి పేరే పెట్టారు. దాని సంతతి అక్కడి మందల్లో పెద్ద వంశమైంది. ఆ జాతిని బ్రెజిల్లో ‘నెలోర్’ అంటారు. ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరెందుకని డ్రైవరు అడిగాడు, ప్రశ్నలో కొంచెం గర్వం కూడా ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, బ్రెజిల్‌కు తొలి పశువులు అప్పటికే ఓడ ఎక్కేశాయి. “అయితే మాదే” అన్నాడు. ఒంగోలులో పుట్టిన పిన్ని ఊరుకోలేదు. హైవే ఎక్కేదాకా వాదన సాగింది.

సముద్ర తీరాన ఉన్న దుగరాజపట్నం చూడటం మిగిలిపోయింది. అక్కడ ఆరుముగ మొదలియారు అనే ఆయన సాయంతో ఇంగ్లీషువాళ్లు 1620ల్లో స్థావరం వేసుకుని, ఆయన పేరే నోరు తిరగక ‘ఆర్మగాన్’ అని పెట్టుకున్నారు. ఆ స్థావరం పెద్ద ఫ్రాన్సిస్ డేనే 1639లో కిందికి దిగి మద్రాసు స్థలం సంపాదించాడు. స్టేషను దగ్గర దించుతూ డ్రైవరు తన నంబరు రాసిచ్చాడు. దుగరాజపట్నానికైతే డీజిలు సగం తాను పెట్టుకుంటానన్నాడు.