ఎన్వీ ఎడమామె విత్తనం: వసంతంలో తొందరపడకపోతే మంచి రకం

ఎడమామె అంటే పచ్చికాయగా ఉన్నప్పుడే ఉడికించి, గింజ ఒలుచుకుని తినే సోయా చిక్కుడు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో వేసవి పొట్టిది కాబట్టి అక్కడ ఆలస్యంగా కాసే రకాలు వేస్తే చలి ముందే వచ్చిపడుతుంది. ఆ చోట్లకు సరిపోయేలా న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఎల్విన్ మీడర్ రూపొందించిన రకం ఎన్వీ. విత్తిన 75 రోజులకు అటూ ఇటూగా కోతకొస్తుంది. మొక్క రెండడుగులకు మించి పెద్దగా పెరగదు. హైబ్రిడ్ కాదు కనుక మంచి మొక్కలు నాలుగు వదిలేస్తే మరుసటి ఏడాదికి విత్తనం ఇంట్లోనే ఉంటుంది. ఎండిన గింజ కూడా ఆకుపచ్చగానే ఉంటుంది.

ఈ విత్తనం మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు "సగం మొలవలేదు" అని. చాలాసార్లు తప్పు విత్తనానిది కాదు, అదనుది. టమాటా నారు బయట పెట్టే రోజుల్లో గాలి వెచ్చగా తగులుతుంది, మట్టి మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. తినే సోయా గింజ పెద్దది, తీపి ఎక్కువ. చల్లటి తడిలో పడితే గబగబా నీరు పీల్చి లోపల చిట్లుతుంది. దాంట్లోంచి కారే చక్కెరకు బూజు చేరుతుంది. పచ్చి పశువుల ఎరువు అప్పుడే కలిపిన మడి అయితే గింజను తొలిచే ఈగ పురుగు కూడా తోడవుతుంది. కాబట్టి రెండంగుళాల లోతున థర్మామీటరు గుచ్చి ఉదయం పూట చూడండి. వరసగా కొన్ని రోజులు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాలి, 65 ఉంటే ఇంకా మేలు. మన పెసలు, శనగల్లా రాత్రంతా నానబెట్టి మాత్రం వేయకండి, ఇదే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

మట్టి పదును మీదుండగా అంగుళం లోతున, మూడంగుళాలకో గింజ, సాళ్ల మధ్య రెండడుగులు. 100 అడుగుల సాలుకు 400 గింజలు పడతాయి. పాత ప్యాకెట్ అయితే ముందు పది గింజలు తడి కాగితంలో చుట్టి వెచ్చని చోట పెట్టండి. వారంలో ఎనిమిది మొలిస్తే సరే, ఆరే అయితే రెండంగుళాలకొకటి వేయండి. గింజకు రైజోబియం పొడి (వేళ్ల బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా) తప్పకుండా పట్టించాలి, అదీ సోయాకు ప్రత్యేకించినదే. బఠాణీకి వాడే పొడితో సోయా వేళ్లకు బుడిపెలు రావు.

విత్తాక పెద్ద వాన పడి పైన పెచ్చు కడితే మొలక మెడ విరుగుతుంది. గింజ బద్దలు రెండూ నేలను చీల్చుకుని పైకి రావాలి కదా, పెచ్చును గొర్రుతో పైపైన కదిపి వదలాలి. పైకొచ్చిన మొలకలను పక్షులు తుంపేస్తాయి, ఆ తర్వాత కుందేళ్లు, జింకలు. తొలి ఆకులు విప్పేదాకా పలచని గుడ్డ పరదా కప్పడం ఖర్చు కాదు, అవసరం.

లోపం ఒకటుంది. త్వరగా కాస్తుంది గానీ పొట్టి మొక్క కనుక కాపు తక్కువ. పైగా కాయలన్నీ దాదాపు ఒకేసారి తయారవుతాయి, వారం దాటితే పసుపుకు తిరిగి తీపి పోతుంది. గింజలు కాయలో ఒకదానికొకటి తగిలేంత నిండి, రంగు ఇంకా ముదురు పచ్చగా ఉన్నప్పుడు మొక్కనే పీకి కాయలు తుంపుకోండి. కోసిన పూటే చల్లబరచాలి, లేదా ఉప్పునీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించాలి. పచ్చిగా తినేది కాదు.

పది రోజులకోసారి ఎన్వీనే విత్తితే కాపు అదే లెక్కన సాగుతుందనుకోవద్దు. రాత్రులు పెరిగే కొద్దీ సోయా పూతకు తొందరపడుతుంది, వెనక వేసిన మడి ముందుదాన్ని కొంత అందుకుంటుంది. ఒకే రోజు ఎన్వీతో పాటు 90 రోజుల రకం ఒకటి వేసుకోవడం మేలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, వేసవి పొడవుగా ఉండే చోట, నేరుగా ఆ రెండో రకమే కొనండి. ఎన్వీ అక్కడికి అవసరం లేదు.