శ్రీకాకుళం రోడ్డులో దిగాక అసలు లెక్క

శ్రీకాకుళం నుంచి విశాఖపట్నానికి కారు మేలా, రైలు మేలా అని అడిగినవాళ్ళకి మొదట్లో ఒకటే జవాబు చెప్పేవాణ్ణి. రైలే, అనుమానం అక్కర్లేదు అని. 2021 చివర్లో విశాఖలో ఉద్యోగంలో చేరాను. అప్పటి నుంచి సోమవారం తెల్లవారుజామున వెళ్ళడం, శుక్రవారం రాత్రి ఇంటికి రావడం. దారి ఖర్చు ఒక డైరీలో రాసుకుంటున్నాను. ఇప్పుడు ఆ డైరీ ముందు పెట్టుకుని చూస్తే పాత జవాబు అంత గట్టిగా చెప్పలేను. ఆమదాలవలసకీ మా ఇంటికీ మధ్యనున్న పదమూడు కిలోమీటర్లే దానికి కారణం.

మా జిల్లావాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం పట్నంలో రైలు స్టేషను లేదు. ఆమదాలవలసలో దిగాలి, అక్కడ బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. స్టేషను పేరు చివర ‘రోడ్’ వచ్చిందంటే ఊరు ఇంకా దూరంలో ఉంది, ఇక్కణ్ణించి రోడ్డు పట్టుకుని వెళ్ళాలి అని అర్థం. టికెట్టు ధరనీ కారు పెట్రోలునీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళు ఈ ‘రోడ్’ని లెక్కలో వెయ్యరు. నేను కూడా ఏడాది పాటు వెయ్యలేదు.

ఒక్కణ్ణే వెళ్తే రైలుకి తిరుగులేదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. జనరల్ టికెట్టు ఏ బండికైనా వంద లోపే. కోవిడ్ తర్వాత కొన్నాళ్ళు ప్యాసింజర్లలో కూడా ఎక్స్‌ప్రెస్ చార్జీయే తీసుకున్నారు గానీ, 2024 ఫిబ్రవరిలో పాత చార్జీ తిరిగొచ్చాక ప్యాసింజర్ మరీ చవక. పగటి పూట ఆమదాలవలసకి బస్సో, మనిషికింత అని ఎక్కించుకునే ఆటోనో దొరుకుతుంది. అటు విశాఖలో సిటీ బస్సు కూడా కలుపుకుంటే రానూపోనూ నాకు మూడు వందల దగ్గర తేలిపోయేది. అదే దారి కారులో అయితే రానూపోనూ రెండు వందల ఇరవై కిలోమీటర్లు పైమాటే. లీటరు నూట పది అటూ ఇటూ ఉన్నప్పుడు, నా చిన్న కారు పద్దెనిమిది ఇచ్చినా పెట్రోలుకే పదమూడు వందలు దాటుతుంది. నాతవలస టోలు దానికి అదనం. టైర్లు, సర్వీసింగు, బీమా కలుపుకుంటే కిలోమీటరుకు ఇంకో రెండు రూపాయలు పడుతోందని నా డైరీ చెబుతోంది. మూడు వందలెక్కడ, దగ్గర దగ్గర రెండు వేలెక్కడ?

ఈ నమ్మకం 2022 డిసెంబరులో ఒక రాత్రి వరకూ బాగానే నిలబడింది.

అమ్మని విశాఖలో డాక్టరుకి చూపించి నలుగురం తిరిగొస్తున్నాం. అమ్మ, మా ఆవిడ, మా అబ్బాయి, నేను. రాత్రి తొమ్మిదిన్నరకి శ్రీకాకుళం రోడ్డులో దిగాల్సిన బండి. పెందుర్తి రాకుండానే ఒకసారి, కొత్తవలసలో ఒకసారి, విజయనగరం దాటాక చీకట్లో ఎక్కడో ఇంకోసారి ఆగిపోయింది. నాగావళి వంతెన మీద చక్రాల చప్పుడు మారినప్పుడు గడియారం చూశాను. ఒంటి గంటకి పది నిమిషాలు తక్కువ. మా అబ్బాయి నా భుజం మీద నిద్రపోతున్నాడు. అమ్మ మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ రెండు కాళ్ళూ ఆనించి దిగుతోంది. బయటికొచ్చేసరికి ముందు దిగినవాళ్ళు ఉన్న ఆటోలన్నీ ఎక్కేశారు. ఒక్కటి మిగిలింది.

“అయిదొందలివ్వండి బాబూ. ఈ ఏల్లో టౌనుకెల్తే మల్లీ కాళీగానే రావాల” అన్నాడు ఆటో అతను.

“అయిదొందలేటి నాయినా? విశాపట్నం నుంచి నలుగురం రావడానికే మూడొందలు అవలేదు” అంది అమ్మ.

“రైలు గవర్మెంటుదమ్మా. నా బండికి ఆయిలు ఎవులు పోత్తారు?”

అతని మాటలో తప్పు లేదు, అమ్మ మాటలోనూ లేదు. తెల్లారి మొదటి బస్సు వచ్చేదాకా ఇక్కడే కూర్చుందాం అని అమ్మ లోపలికి తిరిగి వెళ్ళిపోయింది. బెంచీ మీద కూర్చుని చెవులకి కొంగు చుట్టుకుని, మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుని వాడి అరికాళ్ళు రెండు చేతులతో రుద్దుతూ ఉంది. సిమెంటు బెంచీ మంచులా ఉంది. ఆవిడ మూడు రోజుల మందులకి పెట్టిన ఖర్చు గురించి ఒక్క మాట అనలేదు. ఈ అయిదు వందల దగ్గర మాత్రం ఆవిడకి ప్రాణం ఒప్పలేదు. నా జేబులో డబ్బుండి కూడా ఏం చెయ్యాలో తెలియలేదు నాకు. అరగంట పోయాక ఆ ఆటో అతనే లోపలికొచ్చాడు. “మూడొందలివ్వండమ్మా, పిల్లోడు సలికి వణికిపోతన్నాడు” అన్నాడు. దారిలో సీటు కింద నుంచి ఒక దుప్పటి తీసి అమ్మకిచ్చాడు. డే అండ్ నైట్ జంక్షన్ దాకా దట్టమైన మంచు, లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడలా ఉంది. ఇంటికి చేరేసరికి రెండు దాటింది.

మర్నాడు డైరీలో టికెట్ల కింద ‘ఆమదాలవలస ఆటో’ అని విడిగా ఒక గడి గీశాను. వెనక్కి వెళ్ళి గుర్తున్న శుక్రవారాలన్నిటికీ రాసుకుంటూ వచ్చాను. పది దాటాక దిగిన రోజుల్లో విశాఖ నుంచి ఆమదాలవలసకి పెట్టినదానికన్నా అక్కణ్ణించి ఇంటికి పెట్టిందే ఎక్కువ. నాలుగు నెలలు తిరక్కుండా పాత కారు ఒకటి కొన్నాను.

ఇంటిల్లిపాదీ కదిలినప్పుడు లెక్క అలాగే తిరగబడుతుంది. అమ్మని జనరల్ పెట్టెలో నిలబెట్టలేం. పోనీ రిజర్వేషన్ చేద్దామంటే స్లీపరుకి ఎంత దగ్గర ఊరైనా కనీసం రెండు వందల కిలోమీటర్ల చార్జీ వేస్తారు, థర్డ్ ఏసీకి మూడు వందల కిలోమీటర్లది. మనం వెళ్ళేది నూట ముప్పై. థర్డ్ ఏసీలో మనిషికి ఒక వైపే అయిదు వందలు దాటుతుంది. పిల్లలకి అర టికెట్టు జనరల్లో ఉంది గానీ, రిజర్వేషన్లో బెర్తు తీసుకుంటే పూర్తి చార్జీయే. నలుగురికి రానూపోనూ వేసుకోండి, కారు అందులో సగంలో అయిపోతుంది. ఇంటి గుమ్మం దగ్గర ఎక్కి ఆసుపత్రి గుమ్మం దగ్గర దిగడానికి వెల కట్టలేం. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్లు గుద్దుకున్నాక అమ్మ చాన్నాళ్ళు నన్ను కూడా రైలెక్కనివ్వలేదు. ఆ నెలల్లో నేనొక్కణ్ణే కారులో తిరిగాను. డైరీలో అంత బరువైన పేజీలు మరి లేవు.

2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్‌కి మూడు వేల రూపాయల వార్షిక పాసు వచ్చింది, రెండు వందల సార్లు లేదా ఏడాది. వారం వారం కారులో వెళ్ళేవాళ్ళకి బాగా కలిసొస్తుంది. నెలకోసారి కారు తీసే నాకు దండగ.

మళ్ళీ ఆటో అతని సంగతి. ఆ రాత్రి ఫోన్ నంబరు తీసుకున్నాను. తర్వాత రెండేళ్ళ పాటు నేనొక్కణ్ణే రైల్లో వచ్చిన ప్రతి శుక్రవారం బండి చీపురుపల్లి దాటగానే ఫోన్ చేసేవాణ్ణి. ఎంత రాత్రయినా స్టేషను బయట ఉండేవాడు, రెండు వందల యాభైకి మించి ఏనాడూ అడగలేదు. రైలుని నేను అందరికీ అంత గట్టిగా చెప్పానంటే అందులో సగం అతని చలవే అని ఇప్పుడు తెలుస్తోంది. కిందటేడు ఆటో అమ్మేసి పనికి చెన్నై వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలు స్టేషను దగ్గర స్టాండులో నా బండి పెట్టి చూశాను. అయిదు రోజుల స్టాండు డబ్బులు కట్టడానికి ఇబ్బంది లేదు. వారమంతా పనిచేసి అర్ధరాత్రి నిద్రకళ్ళతో ఆ రోడ్డు మీద బండి నడపడమే భయం వేసింది.

బస్సు సంగతేమిటంటారు. నిజమే, ఇక్కడ ఆర్టీసీ కాంప్లెక్సులో ఎక్కితే అక్కడ ఆర్టీసీ కాంప్లెక్సులో దింపుతుంది. అమ్మకి బస్సు పడదు, నాకు రెండున్నర గంటలు కూర్చుంటే నడుము పట్టేస్తుంది. మీకు ఆ ఇబ్బంది లేకపోతే నా గొడవంతా మీకు అక్కర్లేదు.

విజయనగరంలో ఉండే మా బావకి కూడా అక్కర్లేదు. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఇల్లు, పది నిమిషాల్లో స్టేషను, నెలకి సీజన్ టికెట్టు. రోజూ విశాఖ వెళ్ళొస్తాడు. కారు కొనమని మా అక్క ఎన్నిసార్లు అన్నా కొనలేదు, కొనాల్సిన అవసరం కూడా లేదు. ఆయన రైలూ నా రైలూ ఒకటే. స్టేషను ఊళ్ళో ఉండడం ఒక్కటే తేడా. రాత్రి బండ్ల టైముకి ఆమదాలవలస నుంచి పట్నంలోకి ఒక్క బస్సు, ఒంటిగంట వరకూ తిరిగేది వేస్తే నా కారు ఇంటి ముందు నీడనే ఉంటుంది. ఈ మాట అడగగలిగిన ప్రతిచోటా అడుగుతున్నాను.

ప్రస్తుతానికి అమ్మ తోడుంటే కారు. నేనొక్కణ్ణే అయితే రైలు, అదీ రాత్రి పది లోపు శ్రీకాకుళం రోడ్డులో దించే బండి అందితేనే. అందకపోతే ఆ శుక్రవారం విశాఖలోనే పడుకుని, శనివారం పొద్దున్న బండికి బయల్దేరుతున్నాను.