ఆయాసం ఉన్న పిల్లలకి స్పేసర్, నెబ్యులైజర్, ఆక్సీమీటర్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మా బాబుకి రెండేళ్ల వయసు నుంచీ ఆస్తమా, చలికాలంలో జలుబు చేసిందంటే చాలు రాత్రికల్లా పిల్లికూతలు మొదలు. ఈ మూడూ ఇంట్లో ఎప్పట్నుంచో వాడుతున్నాం. ఒక్కటే కొనాలంటే మాత్రం నేను స్పేసరే కొనమంటాను, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించి మందు పీల్చుకునే గొట్టం.

నెబ్యులైజర్ పెడితే చాలామంది "ఆక్సిజన్ పెట్టాం" అనేస్తారు, మా అత్తయ్యగారూ అలాగే అనేవారు. ఇంట్లో మిషన్ నుంచి వచ్చేది మామూలు గాలే అండి, మందుని పొగలాగా చేసి పంపుతుంది, అంతే. హాస్పిటల్లో ఆయాసం ఎక్కువున్న పిల్లలకి దాన్ని ఆక్సిజన్ లైన్‌కే పెట్టి, నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల మీద నడుపుతారు, ఎందుకంటే గాలిగొట్టాల్ని తెరిచే సాల్బుటమాల్ మందు ఇచ్చాక సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, కాసేపు తగ్గే అవకాశం ఉంది. మిషన్ ఉంది కదా అని తెల్లారేదాకా ఇంట్లోనే ఉండిపోయే వాళ్లకి ఇది తెలియాలి.

స్పేసర్ విషయానికొస్తే, చిన్నప్పుడు మాస్క్‌తో ఇచ్చేవాళ్లం, ఇప్పుడు నోట్లో పెట్టుకుని వాడే పీల్చుకుంటాడు. ఇన్‌హేలర్ బాగా ఊపి ఒకే ఒక్క పఫ్ కొట్టాలి, ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసుకోనివ్వాలి, మళ్లీ ఊపి ఇంకోటి. రెండు మూడు ఒకేసారి కొట్టేస్తే మందు స్పేసర్ లోపలి గోడలకే అంటుకుపోతుంది. గుక్కపెట్టి ఏడుస్తున్నప్పుడు కూడా మందు సరిగ్గా దిగదు, అందుకే ఒళ్లో కూర్చోబెట్టుకుని వాల్వ్ టక్ టక్‌మని కదలడం చూపించేవాళ్లం, వాడు అది లెక్కపెడుతూ పీల్చేసేవాడు. కడగడం సబ్బునీళ్లలో, ఆరబెట్టడం గాలికి, బట్టతో తుడిస్తే రాపిడికి స్టాటిక్ కరెంటు వచ్చి మందుని పట్టేసుకుంటుంది. నెబ్యులైజర్‌కి కరెంటు కావాలి, పది నిమిషాలు పడుతుంది, మామూలు నుంచి మధ్యరకం అటాక్ దాకా స్పేసర్ కూడా అంతే బాగా పనిచేస్తుందని మా డాక్టర్ గారు చెప్పారు, మాకూ అలాగే అనిపించింది.

వేలికి పెట్టి ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ మంచిదే కానీ వేళ్లు చల్లగా ఉన్నా, పిల్లాడు కదిలినా అంకె తప్పు చూపిస్తుంది. 95 చూపిస్తున్నా డొక్కలు లోపలికి పోతుంటే, ముక్కుపుటాలు ఎగురుతుంటే, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతుంటే నేను అంకెని పట్టించుకోను. పిల్లికూతలు ఆగిపోయి పిల్లాడు మగతగా పడిపోతుంటే అది తగ్గడం కాదు, గాలి ఆడట్లేదని అర్థం, చాలా ప్రమాదం.

కోవిడ్ తర్వాత చాలామంది కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) కొనుక్కోమన్నారు, మేం కొనలేదు. బిగుసుకుపోయిన గాలిగొట్టాల్ని తెరిచేది మందు, ఆక్సిజన్ కాదు, ఆక్సిజన్ అవసరమయ్యే స్థితి వచ్చిందంటే ఆ పిల్లాడు హాస్పిటల్లోనే ఉండాలి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ప్రకారం స్పేసర్‌తో పఫ్‌లు ఇస్తూనే ఉండండి.