గూగుల్ స్కాలర్‌లో ఆ సైటెడ్ బై లింకు, మా పిల్లోళ్లకైతే బంగారం

పరిశోధన పేపర్లు వెతుక్కునే గూగుల్ స్కాలర్ 2004 నుంచీ ఉన్నదే, అందరూ వాడతాండేదే, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నేను రాస్తాండేది ప్రతి పేపర్ కింద చిన్నక్షరాల్లో ఉండే "సైటెడ్ బై" లింకు గురించే, ఆ పేపర్‌ని తర్వాత ఎవరెవరు తమ పేపర్లలో చెప్పుకున్నారో అది చూపిస్తాది. కడపలో జియాలజీ చెప్తా, పీజీ పిల్లోళ్ల ప్రాజెక్టులు చూసుకుంటా ఉండా, ఏళ్ల తరబడి వాడినాక కూడా దీని మీద మోజు తగ్గలేదు నాకు.

కడపలో కూర్చొని సముద్రతీరం మీద ప్రాజెక్టులేంది సార్ అని నవ్వేవాళ్లుండారు, వాళ్లని వేంపల్లె పక్క రాళ్లలో స్ట్రోమటోలైట్లు, అంటే నీళ్లలోని సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాళ్లు, చూసి రమ్మంటా, దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రమే ఉండింది మరి.

సరే అసలు సంగతి. మా పీజీ పాప ఒకామె కాకినాడ పక్క ఉప్పాడలో సముద్రం కోత మీద ప్రాజెక్టు తీసుకునింది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం బొమ్మలు దించుకోవడం, డీశాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో తీరం ఏడాదికి ఎన్ని మీటర్లు పోతాందో లెక్కేయడం అంతా చకచకా చేసేసింది, లిటరేచర్ రివ్యూ దగ్గర మాత్రం ఆగిపోయింది. 2020లో నేచర్ క్లైమేట్ చేంజ్‌లో వుస్డూకాస్ వాళ్ల పేపరొచ్చింది కదా, ప్రపంచంలో ఇసుక బీచిల్లో దాదాపు సగం ఈ శతాబ్దం ఆఖరుకి పోయే ప్రమాదముందని, అది పట్టుకొచ్చి దీంతో మొదలుపెడతా సార్ అనింది. మంచిదే గానీ దానికి సైటెడ్ బై కొట్టి చూడమన్నా. పేజీలకి పేజీలు వచ్చి పడినాయి, పాప మొహం వాడిపోయింది. పైన ఒక టిక్ బాక్స్ ఉంటాది, అది పెడితే ఆ పేపర్‌ని చెప్పుకున్నవాటి లోపలే వెతకొచ్చు, అందులో "బ్రూన్ రూల్" అని కొట్టించినా, సముద్రమట్టం పెరిగితే తీరం ఎంత వెనక్కి పోతాదో చెప్పే పాత లెక్క అది. అప్పుడు బయటపడింది చూడండి, అదే ఏడాది అదే జర్నల్లో ఆండ్రూ కూపర్ వాళ్లు రాసిన జవాబు, వెనక జాగా ఉంటే బీచి నేల వైపుకి జరుగుతాది గానీ మాయమైపోదు అని. దానికి మళ్లీ మొదటివాళ్ల సమాధానం. కూపర్ పేరు పట్టుకొని వెనక్కి పోతే 2004లో ఆయనా ఓరిన్ పిల్కీ కలిసి బ్రూన్ రూల్‌ని ఇంక వదిలేయండి అని రాసిన పేపరు, ఇంకా వెనక్కి పోతే 1962లో పెర్ బ్రూన్ రాసిన అసలు పేపరు. పాప అడిగింది, సార్ ఇద్దరూ పెద్దోళ్లే, నేను ఎవరిది రాయాల? ఇద్దరిదీ రాయి, యాడ విడిపోయినారో అది రాయి అన్నా.

ఉప్పాడకి ఇది ఊరికే తగాదా కాదు. బ్రూన్ లెక్కలో ఇసుక ఒడ్డు నుంచి సముద్రం లోపలికి పోతాది అంతే, ఒడ్డు వెంబడి పక్కకి కొట్టుకుపోయేది లెక్కలోకి రాదు, గోదావరి ఒండ్రు డ్యాముల వెనక ఆగిపోవడమూ రాదు. ఆ డ్యాముల మాట మీద 2004లోనే కరెంట్ సైన్స్‌లో గోదావరి డెల్టా గురించి ఒక పేపరుంది, టైటిల్లోనే బ్రాకెట్లో ప్రశ్నార్థకం పెట్టినారు రాసినోళ్లు, నాకు భలే ఇష్టం అది.

ఇంత పొగిడినా గానీ, అక్కడ కనిపించే సంఖ్య ఉంది చూడండి, అది మెచ్చుకున్నోళ్లనీ తిట్టినోళ్లనీ కలిపేసిన లెక్క. మా పిల్లోళ్లు దాన్ని మార్కుల మాదిరి చూస్తారు, ఎక్కువుంటే గొప్ప పేపరని. బ్రూన్‌ని ఉతికేసినోళ్లు కూడా ఆయన సంఖ్యని పెంచినోళ్లే కదా. పోయిన నెల వచ్చిన పేపరుకి ఈ లింకుతో పెద్ద పనుండదు. తీరంలో ఏం కట్టొచ్చో చెప్పే సీఆర్‌జెడ్ 2019 నోటిఫికేషన్, చెన్నైలో తీరాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఎన్‌సీసీఆర్ వాళ్ల తీరం కోత నివేదికలు, వీటికి నేనైతే నేరుగా వాళ్ల సైట్లకే పంపిస్తా.

ఇంకోటి, పేపరు దొరకడం వేరు, చదవడానికి రావడం వేరు. ప్రభుత్వ యూనివర్సిటీల వాళ్లకి 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఉంది, కేంద్రమే చందా కట్టి జర్నల్స్ చదవనిచ్చే పథకం, మాది ప్రైవేటు కాలేజీ, ఆ భాగ్యం లేదు. "ఆల్ వెర్షన్స్" నొక్కి యాడన్నా ఉచిత కాపీ ఉందేమో చూసుకుంటాం, గోవాలోని సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓ వాళ్లు పేపర్లు దాచిపెట్టే సైట్లో ఒక్కోసారి దొరుకుతాది. కాబట్టి జర్నల్సన్నీ చేతికందే చోట ఉన్నోళ్లకి ఇంతకన్నా మంచి సాధనాలు ఉండొచ్చు. డబ్బుల్లేకుండా, తీరానికి ఇంత దూరంలో, ఇద్దరు ముగ్గురు పిల్లోళ్లకి పక్కన కూర్చొని చూపించే నాలాంటోనికి మాత్రం ఇదే సరిపోతాది, క్లాసు మొత్తానికి ఒకేసారి నేర్పాలంటే ఎట్లుంటాదో ఇంకా చూడలేదు.