పిల్లల మైనస్ సైటుకు మయోస్మార్ట్ అద్దాలు: కర్నూలులో మా అనుభవం

మామూలు కళ్లద్దాలతో పిల్లలకు దూరంగా ఉన్నవి స్పష్టంగా కనిపిస్తాయి గాని, ఏటేటా పెరిగే మైనస్ సైటు వాటితో నెమ్మదించదు. మూడో తరగతి నుంచి ప్రతి పరీక్షకూ నంబరు పెరుగుతూ వచ్చిన మా అమ్మాయికి కంటి డాక్టరు హోయా సంస్థ తయారుచేసే మయోస్మార్ట్ అద్దాలు రాశారు. వాడి చూశాక నా అభిప్రాయం ఒక్కటే: అద్దం మంచిదే, కానీ దాని ఫలితం బిగింపు మీదా, రోజుకు ఎన్ని గంటలు ధరిస్తారన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది.

మైనస్ సైటు పెరగడమంటే చాలావరకు కనుగుడ్డు పొడవు పెరగడమే. మామూలు అద్దంలో నడిమి దృశ్యం రెటీనా (కంటి లోపల వెనుక ఉండే తెర) మీద సరిగ్గా పడినా, పక్కల నుంచి వచ్చే వెలుతురు రెటీనా వెనుక కేంద్రీకృతమవుతుందనీ, అది కన్ను ఇంకా సాగడానికి ప్రేరణ అవుతుందనీ నిపుణులు భావిస్తారు. మయోస్మార్ట్ అద్దం నడుమ సుమారు 9 మిల్లీమీటర్ల మేర మామూలు పవరు ఉంటుంది; దాని చుట్టూ ఒక్కో మిల్లీమీటరు వెడల్పున, ప్లస్ 3.50 అదనపు పవరుతో దాదాపు 400 చిన్న కటకాలు ఉండి, కొంత వెలుతురును రెటీనాకు ముందే కేంద్రీకరిస్తాయి. హాంగ్‌కాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం 8 నుంచి 13 ఏళ్ల పిల్లలపై రెండేళ్లు జరిపిన పరీక్షలో, మామూలు అద్దాలవారితో పోలిస్తే సైటు పెరుగుదల 52 శాతం, కంటి పొడవు పెరుగుదల 62 శాతం తగ్గాయి. తగ్గడమంటే ఆగిపోవడం కాదు. మేము మొదట వెళ్లిన దుకాణంలో మాత్రం "ఇంక నంబరు పెరగదు సార్" అని ధీమాగా చెప్పేశారు.

అదే దుకాణంలో కొలతలు కూడా హడావిడిగా తీశారు. ఫ్రేము ముక్కు మీద నుంచి జారుతూ ఉండడంతో, కంటిపాపకు ఎదురుగా ఉండవలసిన నడిమి భాగం కిందికి దిగిపోయేది. మరో చోట కంటిపాపల మధ్య దూరమూ ఎత్తూ మళ్లీ కొలిపించి, చిన్న ఫ్రేములోకి మార్పించాక ఇబ్బంది తీరింది. ఏప్రిల్ ఎండల్లో మన కర్నూలు చెమటకు ఏ ఫ్రేమైనా జారేదే కనుక, చెవుల వెనుక పట్టి ఉంచే రబ్బరు తొడుగులు తప్పనిసరి. మొదట్లో పక్కచూపు కాస్త మసకగా ఉందని పాప చెప్పింది. తల తిప్పి చూడడం అలవాటయ్యాక ఆ మాట ఎత్తలేదు. చిన్న కటకాలు ఎదుటివారికి దాదాపు కనిపించవు, బడిపిల్లలకు అదొక ఊరట.

ఎస్సిలార్ వారి స్టెల్లెస్ట్ కూడా ఈ కోవలోదే. అందులో 11 వలయాల్లో 1,021 చిన్న కటకాలు ఉంటాయి. రోజుకు 12 గంటలకు పైగా ధరించిన పిల్లల్లో మామూలు అద్దాలవారితో పోలిస్తే సైటు పెరుగుదల 67 శాతం తగ్గిందని స్టెల్లెస్ట్‌పై జరిగిన పరిశోధన చెబుతోంది. రెండు పరీక్షల పిల్లలూ, పరిస్థితులూ వేరు కాబట్టి ఈ శాతాలను పక్కపక్కన పెట్టి ఒకదాన్ని గెలిపించడం సరికాదు.

ధర మామూలు అద్దాలకు ఎన్నో రెట్లు. ఫ్రేముతో కలిపి మా బిల్లు ఐదంకెలకు చేరింది. అంత పెట్టేవారు ఆరు నెలలకోసారి చుక్కలు వేయించి పవరు చూపించడంతో పాటు, బయోమీటరుతో కంటి పొడవును మిల్లీమీటర్లలో కొలిపించి ఆ అంకెను రాయించుకోవాలి. పాపకు బోర్డు బాగా కనబడుతోందన్న మాట ఈ విషయంలో దేనికీ రుజువు కాదు. సాయంత్రం ఎండ తగ్గాక ఆరుబయట ఆడించడం ఎలాగూ మానకూడదు. బడిలో పెట్టుకొని, ఇంటికి రాగానే తీసి పక్కన పడేసే పిల్లలకైతే ఈ ఖర్చు నేను సిఫారసు చేయను.