వీహెచ్‌డీ నుంచి వీహెచ్‌డీఎక్స్‌కి: ఏడాది దాటాక నా మాట

వీహెచ్‌డీ, వీహెచ్‌డీఎక్స్ అంటే మొత్తం డిస్కునే ఒక ఫైలుగా దాచే విండోస్ ఫార్మాట్లు; మొదటిది పాతది, రెండోది కొత్తది. మా ఆఫీసు పర్లాకిమిడిలో. అందరూ ఒకే సర్వర్ మీద రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేస్తారు, ప్రొఫైల్స్ (ఒక్కొక్కరి డెస్క్‌టాప్, సెట్టింగులు, ఫైళ్ళు) ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌లో, అంటే వాటిని ఒక్కొక్కరికీ ఒక్కో డిస్కు ఫైలుగా దాచే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో. కొత్త ఫార్మాట్ ఇచ్చే 64 టెరాబైట్ల పరిమితితో మాకు పని లేదు, పాత ఫార్మాట్‌లోని 2 టెరాబైట్లే ఎక్కువ. నాకు కావలసింది ఒక్కటే: కరెంటు పోతే డిస్కు పాడవకూడదు.

వీహెచ్‌డీ రోజుల్లో గాలివాన మొదలైతే టెన్షనే. యూపీఎస్ కాసేపటికే చేతులెత్తేసేది. కరెంటు వచ్చాక ఎవరో ఒకరి డిస్కు అటాచ్ అయ్యేది కాదు, తాత్కాలిక ప్రొఫైల్‌తో ఖాళీ తెర వచ్చేది. "బాబూ, నా ఫైళ్ళేవీ కనబడట్లేదేటి?" అని అకౌంట్స్ మేడమ్ గారు కంగారుపడేవారు. బ్యాకప్ నుంచి తెచ్చినా ఆ పూట పని పోయినట్టే.

మార్చాక అసలు పరీక్ష మొన్న వేసవిలో వచ్చింది. జీతాల బిల్లులు చేస్తుండగా సర్వర్ ఉన్నపళంగా ఆరిపోయింది. డైనమిక్ డిస్కు (నిండేకొద్దీ సైజు పెరిగే రకం) పెరుగుతున్నప్పుడు ఇలా జరిగితే పాత ఫార్మాట్‌లో, ఏ డేటా ఎక్కడుందో చెప్పే బ్లాకుల పట్టిక సగంలో ఆగిపోవచ్చు. వీహెచ్‌డీఎక్స్ ఆ మార్పుల్ని ముందు లాగ్‌లో రాసుకుంటుంది, మళ్ళీ తెరిచినప్పుడు దాన్ని చూసి సరిచేసుకుంటుంది. సర్వర్ లేచాక ఒక్కొక్కరినీ లాగిన్ చేయించాను. అందరి డెస్క్‌టాప్‌లూ ఎక్కడివక్కడే ఉన్నాయి! మేడమ్ గారి ఐకాన్లు చూశాక నా ప్రాణం కుదుటపడింది.

అలాగని డేటాకి పూర్తి భరోసా అనుకోకండి. లాగ్ కాపాడేది డిస్కు ఫైలు సొంత లెక్కల్ని, మనం సేవ్ చేయని ఎక్సెల్‌ని కాదు. ఆవిడ చివర్లో కొట్టిన వరసలు మళ్ళీ కొట్టుకున్నారు. మా షేర్‌లో (డిస్కు ఫైళ్ళుండే నెట్‌వర్క్ ఫోల్డర్‌లో) చోటు మిగలడం కూడా ఈ ఫార్మాట్ గొప్ప కాదు, ఎఫ్‌ఎస్‌లాజిక్స్ 2210 వెర్షన్‌లో వచ్చిన కంపాక్షన్‌ది, అంటే ఖాళీ చోటు తీసేసి డిస్కు ఫైలు సైజు తగ్గించే పనిది.

మార్చే పనిలో ఓపిక కావాలి. ఏ ఫార్మాట్ వాడాలో ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌కి చెప్పే వాల్యూమ్‌టైప్ సెట్టింగ్ కొత్తగా తయారయ్యే డిస్కులకే. పాతవాటిని అందరూ లాగాఫ్ అయ్యాక కన్వర్ట్-వీహెచ్‌డీ అనే పవర్‌షెల్ కమాండ్‌తో మార్చాలి, రెండు కాపీలకూ చోటుండాలి. మా షేర్‌లోనైతే కొత్త ఫైళ్ళకి యూజర్ పర్మిషన్లు మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది.

కరెంటు కోతే ఎరగని డేటా సెంటర్‌లో ఉన్నవాళ్ళని దీనికోసం ఆదివారం పాడుచేసుకోమనను. మాలాంటి చోట మాత్రం మార్చమనే చెబుతాను. ఆ వేసవి ఘటన తర్వాత మా యూపీఎస్ బ్యాటరీలూ మార్చారు, కాబట్టి ఈ మధ్య ఇబ్బంది లేకపోవడంలో వాటి వాటా ఎంతో విడదీసి చెప్పలేను.