హోలుండర్ పళ్ళకి ఆవిరి జ్యూసర్ కొనచ్చా?

కొనచ్చు, ఇంట్లో చోటుంటే. హోలుండర్ అంటే గుత్తులుగా కాసే చిన్న నల్లటి పళ్ళు, ఇంగ్లీషులో ఎల్డర్‌బెర్రీ. మాది జర్మనీలోని కీల్‌లో చిన్న ఫ్లాట్. పళ్ళ సీజన్ అయ్యాక ఈ జ్యూసర్ బట్టల బీరువా మీదకెక్కింది, మా ఆయన రోజూ దానివంక అదోలా చూస్తున్నారు.

చూడటానికి పెద్ద ఇడ్లీ కుక్కర్‌లా ఉంటుంది, స్టీలుది. అడుగు గిన్నెలో నీళ్ళు, పై చిల్లుల గిన్నెలో పళ్ళు. ఆవిరికి పళ్ళు చితికి, రసం మధ్య గిన్నెలోకి దిగుతుంది. అక్కణ్ణుంచి రబ్బరు గొట్టంతో సీసాలోకి పట్టుకోవాలి.

మిక్సీ ఉండగా ఇదెందుకు అని మా అమ్మ ఫోన్‌లో అడిగింది. హోలుండర్‌కి మిక్సీ పనికిరాదు. దాని ఆకులు, కాడలు, పచ్చికాయలు, గింజల్లో కడుపులోకి వెళ్తే సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. మిక్సీలో వేస్తే గింజలు నలుగుతాయి. ఈ జ్యూసర్‌లో అవి పిప్పితోపాటు పైనే ఉండిపోతాయి. 1983లో కాలిఫోర్నియాలో ఆకులు, కాడలతో సహా నలిపిన పచ్చి రసం తాగి 8 మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

అందుకే జ్యూసర్‌తో ఇచ్చిన పుస్తకంలో ‘గుత్తులు అలాగే వేసేయండి’ అని రాయడం నాకు అస్సలు నచ్చలేదు. ద్రాక్షకి సరే, హోలుండర్‌కి కుదరదు. గుత్తిని ఎడమచేత్తో పట్టుకుని ఫోర్క్‌తో కిందికి దువ్వితే పండినవి జలజలా రాలతాయి. ఆకుపచ్చగా, ఎర్రగా ఉన్నవి ఏరి పారేయాలి. ఓపిక లేకపోతే గుత్తుల్ని ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి, ఇంకా తేలిగ్గా రాలతాయి. పాత చొక్కా వేసుకోండి, ఆ మరక ఓ పట్టాన పోదు.

కోసేటప్పుడు ఇంకో టెన్షన్ ఉంది. హోలుండర్ చెక్కబారిన కొమ్మలున్న పొద, పండిన గుత్తులు కిందికి వేలాడతాయి. దాని విషపు చుట్టం ఆట్టిచ్ ఏటా నేలలోంచి మొలిచే మొక్క, గుత్తులు నిటారుగా పైకి నిలబడతాయి. ఏమాత్రం అనుమానమున్నా ముట్టుకోవద్దు. ఇక్కడి చట్టం ప్రకారం ఇంటికి సరిపడా కొంచెం కోసుకోవచ్చు, రక్షిత ప్రకృతి ప్రాంతాల్లో మాత్రం కూడదు.

జ్యూసర్‌లో నాకు కనబడ్డ లోపాలు రెండు. గొట్టానికిచ్చిన క్లిప్పు వదులు, స్టవ్ పక్కనంతా ఊదారంగు మడుగైంది. బట్టల క్లిప్పు బిగించి నెట్టుకొస్తున్నాను. అడుగున నీళ్ళు ఎంత ఉన్నాయో బయటికి తెలియదు. అవి ఇగిరిపోతే గిన్నె మాడుతుంది, మధ్యమధ్యలో ఎత్తి చూడాల్సిందే.

గొట్టంలోంచి వచ్చిన రసాన్ని నేను నేరుగా వాడను, మళ్ళీ పొయ్యి మీద తెర్లనిచ్చాకే సీసాల్లో పోస్తాను. ఈ ఊళ్ళవాళ్ళు దాంతో ఆపిల్ ముక్కలు, ఉడికించిన రవ్వ ఉండలు వేసి వేడి సూప్ చేస్తారు. చలికాలం సాయంత్రం మా పిల్లలు రెండో గిన్నె అడుగుతారు.

ఐదుకి నాలుగు స్టార్లు. ఒక్కసారి రుచి చూద్దామనుకునేవాళ్ళు మాత్రం డబ్బు తగలేయకండి. దూసిన పళ్ళని మామూలు గిన్నెలో కొంచెం నీళ్ళు పోసి 20 నిమిషాలు బాగా మరిగించి, పలచటి గుడ్డలో వడకట్టండి. గింజల్ని గరిటెతో మెదపకండి.